మహాత్మా గాంధీ: తొలి కేసులో నోరు పెగల్లేదు.. 20 ఏళ్ల ప్రాక్టీసులో ఆయన్ని నిలబెట్టిన అలవాట్లు ఇవే

బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టు. చిన్న కేసు. ఒక్క రోజులో తేలిపోవాల్సిన వ్యవహారం. ప్రతివాది తరఫున కొత్త బారిస్టర్ లేచి నిలబడ్డాడు. వాది సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. జడ్జి చూస్తున్నారు. ఎదుటి లాయర్ చూస్తున్నాడు. కొత్త బారిస్టర్‌కి మాత్రం కాళ్లు వణికాయి, తల తిరిగింది. అడగడానికి ఒక్క ప్రశ్న కూడా తట్టలేదు. అలాగే కూర్చుండిపోయాడు.

ఆ కేసుకి ఆయన తీసుకున్న ఫీజు 30 రూపాయలు. కేసు నడపడం తన వల్ల కాదని క్లయింట్ తరఫు ఏజెంట్‌కి చెప్పేశాడు. పటేల్ అనే లాయర్‌ని పెట్టుకోమని, తన ఫీజు వెనక్కి తీసుకోమని అన్నాడు. 51 రూపాయలకి పటేల్ ఆ కేసు ఒప్పుకున్నారు. ఆయనకి అది చిటికెలో పని. కొత్త బారిస్టర్ మాత్రం సిగ్గుతో కోర్టు నుంచి బయటపడ్డాడు. తన క్లయింట్ మామీబాయి గెలిచిందో ఓడిందో కూడా ఆయనకి తెలియదు.

ఆ బారిస్టర్ పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

దేశమంతా ఆయన్ని మహాత్ముడిగా చూస్తుంది. కానీ అంతకుముందు ఆయన పాతికేళ్లు కూడా నిండని, పని దొరకని ఒక జూనియర్ లాయర్. అలాంటి మనిషి దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్, డర్బన్ వ్యాపారులు ఏరికోరి పెట్టుకునే లాయర్‌గా ఎలా మారారు? ఏ సీనియర్ చేయి పట్టుకుని నడిపించారు? ఏ అలవాట్లు ఆయన్ని నిలబెట్టాయి? ఇప్పుడు కోర్టు వరండాల్లో ఫైలు పట్టుకుని తిరుగుతున్న ప్రతి జూనియర్‌కీ పనికొచ్చే కథ ఇది.

లండన్‌లో పరీక్ష పాసైనా.. పని రాలేదు

గాంధీ 1888 సెప్టెంబర్‌లో లండన్ ఓడ ఎక్కారు. ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. అప్పట్లో బారిస్టర్ కావాలంటే పరీక్షలు పాసవడంతో పాటు నిర్ణీత సంఖ్యలో విందులకీ హాజరు కావాలి. పరీక్షలు పెద్ద కష్టం కాదని పేరు. చాలామంది గైడ్లు చదివి గట్టెక్కేవాళ్లు. గాంధీ మాత్రం అసలు పుస్తకాలే కొన్నారు. రోమన్ లా కోసం లాటిన్ నేర్చుకుని, ఆ భాషలోనే చదివారు. ఇంగ్లండ్ కామన్ లా పుస్తకాల మీద తొమ్మిది నెలలు కూర్చున్నారు.

1891 జూన్ 10న బారిస్టర్ పట్టా చేతికొచ్చింది. 11న హైకోర్టులో పేరు నమోదైంది. 12న ఇంటికి ఓడ ఎక్కేశారు.

పట్టా అయితే వచ్చింది కానీ గుండెల్లో బెదురు పోలేదు. చట్టం చదివారు, కోర్టులో దాన్ని ఎలా వాడాలో తెలియదు. హిందూ లా, మహమ్మదీయ లా అసలు చదవనే లేదు. ఒక దావా ఎలా తయారు చేయాలో కూడా రాదు. బయల్దేరే ముందు ఈ దిగులు పట్టుకుని ఫ్రెడరిక్ పిన్‌కట్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లారు. అందరూ ఫిరోజ్‌షా మెహతాలు కానక్కర్లేదని ఆయన ధైర్యం చెప్పారు. మామూలు నిజాయతీ, కష్టపడే గుణం ఉంటే పొట్ట గడవడానికి సరిపోతుందన్నారు. లాయర్‌కి మనుషుల్ని చదవడం రావాలనీ, సొంత దేశం చరిత్ర తెలియాలనీ సలహా ఇచ్చారు. వాస్తవాలు చేతిలో ఉంటే చట్టంలో ముప్పాతిక వంతు చేతికొచ్చినట్టేనన్న మాట కూడా గాంధీ ఆయన దగ్గరే విన్నారు. దాని విలువ మాత్రం ఆయనకి రెండేళ్ల తర్వాతే తెలిసొచ్చింది.

బొంబాయిలో నిరుద్యోగ బారిస్టర్

ఇంటికొచ్చేసరికి తల్లి లేరు. ఆ వార్త ఇంట్లో వాళ్లు ఆయనకి అప్పటిదాకా చెప్పలేదు. అన్నయ్య లక్ష్మీదాస్ తమ్ముడి మీద కొండంత ఆశ పెట్టుకున్నారు. చదువుకి చేసిన ఖర్చు అంతా ఇంతా కాదు. రాజ్‌కోట్‌లో ప్రాక్టీసు పెడదామంటే అక్కడి వకీళ్లకి తెలిసినంత కూడా ఈ ఇంగ్లండ్ బారిస్టర్‌కి తెలియదు. పైగా ఫీజు మాత్రం బారిస్టర్ ఫీజు ఇవ్వాలి. ఎవరిస్తారు? అందుకే అనుభవం కోసం బొంబాయి వెళ్లారు.

అక్కడ కేసులు తెచ్చిపెట్టే దళారులుండేవాళ్లు. వాళ్లకి కమీషన్ ఇవ్వాలి. పెద్ద పెద్ద క్రిమినల్ లాయర్లే ఇస్తున్నారు కదా అని స్నేహితులు చెప్పి చూశారు. గాంధీ ససేమిరా అన్నారు. అలా కమీషన్ ఇవ్వకుండానే వచ్చిన కేసు మామీబాయిది. అది ఎలా ముగిసిందో చూశాం.

ఆ దెబ్బతో ధైర్యం కూడగట్టుకునే దాకా కోర్టులో కేసు పట్టకూడదని నిర్ణయించుకున్నారు. పూట గడవాలి కదా. ఒక హైస్కూల్లో రోజుకి గంట ఇంగ్లిష్ చెప్పే టీచర్ కావాలన్న ప్రకటన చూశారు. జీతం నెలకి 75 రూపాయలు. అప్లై చేశారు. డిగ్రీ లేదని వాళ్లు వద్దన్నారు. లండన్ బారిస్టర్ పట్టా స్కూల్ టీచర్ ఉద్యోగానికి కూడా పనికిరాలేదు.

రోజూ హైకోర్టుకి మాత్రం వెళ్లేవారు. గిర్గావ్ నుంచి దాదాపు 45 నిమిషాల నడక. బండి ఖర్చు మిగులుతుంది, ఒంటికీ మంచిదని. అక్కడ వాదనలు సగం అర్థమయ్యేవి కావు. చాలాసార్లు కునుకు పట్టేసేది. పక్కన కూర్చున్న వాళ్లు కూడా కునికిపాట్లు పడుతుంటే అదేం పెద్ద తప్పు కాదులే అని సరిపెట్టుకునేవారు.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. పోర్‌బందర్‌లో భూమి పోగొట్టుకున్న ఒక పేద ముస్లిం ఆయన దగ్గరికొచ్చాడు. గాంధీ ఫీజు లేకుండా అర్జీ రాసిపెట్టారు. స్నేహితులకి చదివి వినిపిస్తే బాగుందన్నారు. కోర్టులో మాట రాకపోయినా, కాగితం మీద రాత బాగుంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. దాదాపు ఆరు నెలల తర్వాత బొంబాయి ఆఫీసు మూసేసి రాజ్‌కోట్ వెళ్లిపోయారు. అక్కడ అర్జీలు, మహజర్లు రాస్తూ నెలకి సగటున 300 రూపాయలు సంపాదించారు.

అయితే ఆ సంపాదనలో ఎక్కువ భాగం అన్నయ్య పార్ట్‌నర్ ఇచ్చిన పనే. బొంబాయిలో వద్దన్న కమీషన్‌ని ఇక్కడ పని ఇచ్చిన వకీలుకి ఇవ్వాల్సి వచ్చింది. అన్నయ్య నచ్చజెప్పారు. గాంధీ ఒప్పుకున్నారు. మనసుని మభ్యపెట్టుకున్నానని తర్వాత ఆయనే దాచకుండా రాసుకున్నారు.

ఈలోగా ఇంకో దెబ్బ. అన్నయ్య పని మీద ఒక బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్‌ని కలవడానికి వెళ్లారు. లండన్‌లో పరిచయమున్న మనిషే. సిఫార్సు చేయబోతే ఆ అధికారి ప్యూన్‌తో బయటికి గెంటించాడు. కేసు పెడతానని గాంధీ నోటీసు పంపారు. రాజ్‌కోట్‌కి వచ్చిన ఫిరోజ్‌షా మెహతాని ఒక వకీలు ద్వారా సలహా అడిగారు. అవమానం దిగమింగుకోమన్నదే జవాబు. కానీ గాంధీ చేయాల్సిన పని చాలావరకు ఆ అధికారి కోర్టులోనే. ఇక అక్కడ ఊపిరాడలేదు.

ఏడాది కాంట్రాక్టు.. జీవితం మార్చేసింది

సరిగ్గా అప్పుడే దాదా అబ్దుల్లా కంపెనీ నుంచి కబురొచ్చింది. పోర్‌బందర్ మేమన్ వ్యాపారులు వాళ్లు. దక్షిణాఫ్రికాలో 40 వేల పౌండ్ల దావా నడుస్తోంది. అక్కడి పెద్ద లాయర్లకి సాయం చేయడం, ఇంగ్లిష్ ఉత్తర ప్రత్యుత్తరాలు చూడటం పని. ఏడాదికి మించదు. రానూపోనూ ఫస్ట్ క్లాస్ ఛార్జీలు, ఉండటానికి తినడానికి ఖర్చులు పోను 105 పౌండ్లు. బారిస్టర్‌గా కాదు, దాదాపు కంపెనీ నౌకరుగా వెళ్లినట్టే. అయినా 1893 ఏప్రిల్‌లో ఓడ ఎక్కారు. మే నెలాఖరుకి డర్బన్‌లో దిగారు.

తర్వాత పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఫస్ట్ క్లాస్ పెట్టె నుంచి తోసేసిన సంగతి అందరికీ తెలుసు. లాయర్‌గా ఆయన్ని మార్చిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది ఒక అకౌంట్స్ పుస్తకం.

డర్బన్‌లో కేసు కాగితాలు చూస్తే అంతా లెక్కల గొడవే. జమ, ఖర్చు, పీ-నోట్లు. పీ-నోట్ అంటే ఏంటో గాంధీకి తెలియదు. డిక్షనరీలో వెతికినా దొరకలేదు. సిగ్గుపడకుండా గుమాస్తాని అడిగారు. ప్రామిసరీ నోటు అని అతను చెప్పాడు. వెంటనే బుక్ కీపింగ్ మీద పుస్తకం కొని చదివారు. అప్పుడు గానీ కేసు అర్థం కాలేదు.

ప్రిటోరియా వెళ్లాక ఆయన పని అటార్నీకి కేసు సిద్ధం చేసి ఇవ్వడం. గుజరాతీ ఉత్తరాలన్నీ చదివి ఇంగ్లిష్‌లోకి మార్చారు. ప్రతి ఎంట్రీ ఖాతాతో సరిచూశారు. ఇరు పక్షాల కాగితాలూ చదివారు. వాస్తవాలు పూర్తిగా పట్టుకునేసరికి తమ క్లయింట్ కేసు ఎంత బలంగా ఉందో ఆయనకే ఆశ్చర్యమేసింది. పిన్‌కట్ మాట అప్పుడు గుర్తొచ్చింది. అక్కడి ప్రముఖ బారిస్టర్ లెనార్డ్ కూడా అదే అనేవారట. వాస్తవాలు సరిగ్గా చూసుకుంటే చట్టం తన దారి తాను చూసుకుంటుందని. ఒక జూనియర్ సీనియర్ ఛాంబర్‌లో ఏళ్ల తరబడి నేర్చుకునేది ప్రిటోరియాలో ఆ ఒక్క ఏడాదిలో నేర్చుకున్నారు. లాయర్‌గా ఓడిపోననే నమ్మకం వచ్చింది కూడా అక్కడే.

గెలిచే కేసుని రాజీ చేసిన లాయర్

కేసు బలంగా ఉంది. కోర్టుకెళ్తే గెలుపు ఖాయం. కానీ గాంధీకి ఇంకో విషయం కనిపించింది. వాది దాదా అబ్దుల్లా, ప్రతివాది తయ్యబ్ సేఠ్ ఇద్దరూ బంధువులు, ఒకే ఊరివాళ్లు. లాయర్ల ఫీజులు ఇద్దరినీ పీల్చి పిప్పి చేస్తున్నాయి. వేరే ఏ వ్యాపారమూ చేసుకోలేనంతగా కేసు పట్టి పీడిస్తోంది. గెలిచినా ఖర్చులన్నీ తిరిగి రావు.

గాంధీ తయ్యబ్ సేఠ్ దగ్గరికెళ్లి మధ్యవర్తికి అప్పగిద్దామని నచ్చజెప్పారు. చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యవర్తి తీర్పు దాదా అబ్దుల్లాకే అనుకూలంగా వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. తయ్యబ్ సేఠ్ 37 వేల పౌండ్లు, ఖర్చులతో కలిపి ఒక్కసారే కట్టాలంటే దివాలా తీయాల్సిందే. దక్షిణాఫ్రికాలోని పోర్‌బందర్ మేమన్లకి దివాలా కంటే చావే నయం. వాయిదాల్లో తీసుకోవడమే దారి. గెలిచిన పక్షాన్ని ఒప్పించడమే అసలు కష్టమైంది. ఇరుపక్షాల్నీ మధ్యవర్తిత్వానికి తేవడం కంటే సొంత క్లయింట్‌ని వాయిదాలకి ఒప్పించడానికే గాంధీ ఎక్కువ కష్టపడ్డారు. చాలా ఏళ్ల వాయిదాలకి దాదా అబ్దుల్లా ఒప్పుకున్నారు. సమాజంలో ఇద్దరి పరువూ పెరిగింది.

లాయర్ అసలు పని విడిపోయిన వాళ్లని కలపడమేనని ఆ రోజు గాంధీకి గట్టిగా అనిపించింది. తర్వాత 20 ఏళ్ల ప్రాక్టీసులో ఎక్కువ సమయం వందలాది కేసుల్ని రాజీ చేయడానికే పెట్టారు. అలా చేస్తే లాయర్ సంపాదన పడిపోతుందనుకుంటాం. తాను డబ్బు కూడా పోగొట్టుకోలేదని ఆయన స్పష్టంగా రాశారు.

తలపాగా తీసేశారు.. ఎందుకు?

ఏడాది కాంట్రాక్టు అయిపోయింది. 1894లో భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు నేటాల్ అసెంబ్లీకి వచ్చింది. వెళ్లిపోవద్దని వ్యాపారులు పట్టుబట్టారు. ప్రజా పనికి జీతం తీసుకోనని గాంధీ తేల్చి చెప్పారు. దాంతో దాదాపు 20 మంది వ్యాపారులు తమ లీగల్ పని ఇస్తామని ఏడాది రిటైనర్ ఇచ్చారు. ఇంట్లోకి కావాల్సిన ఫర్నిచర్ దాదా అబ్దుల్లా కొనిచ్చారు.

నేటాల్ సుప్రీంకోర్టులో అడ్వొకేట్‌గా చేరతానంటే అక్కడి లా సొసైటీ అడ్డుపడింది. తెల్లవాళ్ల మధ్య నల్ల లాయరా అన్నదే అసలు గొడవ. కోర్టు ఆ అభ్యంతరం కొట్టేసింది. 1894 సెప్టెంబర్‌లో గాంధీ ప్రమాణం చేశారు. అప్పుడే చీఫ్ జస్టిస్ తలపాగా తీయమన్నారు.

ఏడాది క్రితం డర్బన్ మేజిస్ట్రేట్ కోర్టులో ఇదే మాట అంటే గాంధీ తీయనని బయటికి వెళ్లిపోయారు. ఈసారి తీసేశారు. దాదా అబ్దుల్లాకీ, మిగతా స్నేహితులకీ నచ్చలేదు. అంతకంటే పెద్ద పోరాటాలు ముందున్నాయి, బలం వాటికి దాచుకోవాలి అన్నది గాంధీ లెక్క. కోర్టు డ్రెస్ రూలు దగ్గర ఆగిపోతే అసలు పని ఆగిపోతుంది కదా. ఏది వదలాలో, ఏది వదలకూడదో తేల్చుకోవడం కూడా వృత్తిలో నేర్చుకునే పాఠమే.

నెత్తురోడుతూ వచ్చిన కూలీ

ప్రాక్టీసు పెట్టి మూడు నాలుగు నెలలు కాలేదు. చిరిగిన బట్టలు, చేతిలో తలపాగా, విరిగిన రెండు ముందు పళ్లు, నోటి నుంచి నెత్తురు. వణుకుతూ ఒక కూలీ ఆఫీసుకి వచ్చాడు. పేరు బాలసుందరం. తమిళుడు. యజమాని కొట్టాడు. గాంధీకి తమిళం రాదు. ఆఫీసులో తమిళ గుమాస్తా ఉన్నాడు కాబట్టి సంగతి తెలిసింది.

గాంధీ ముందు కోర్టుకి పరిగెత్తలేదు. డాక్టర్ దగ్గరికి పంపి గాయాల సర్టిఫికెట్ తీసుకున్నారు. తర్వాతే మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లారు. యజమానికి శిక్ష వేయించడం కాదు, కూలీని అక్కడి నుంచి విడిపించడం ఆయనకి కావాల్సింది. ఎందుకంటే ఒప్పంద కూలీ పని వదిలి పారిపోతే నేరం, జైలు. చట్టమంతా చదివి, ఒప్పందాన్ని వేరే యజమానికి బదిలీ చేయించారు.

ఈ వార్త కూలీల్లో పాకిపోయింది. మద్రాసు రేవు నుంచి ఓడల్లో నేటాల్ చెరకు తోటలకి వెళ్లిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. గిర్మిట్ అని పిలిచే ఒప్పందం కింద ఐదేళ్లు కట్టుబడి పనిచేసిన వాళ్లు. తమ మాట వినే లాయర్ ఒకడున్నాడని వాళ్లకి తెలిసింది ఆ కేసుతోనే.

నవ్వులపాలైన కాలర్

అప్పటి గాంధీ రోజువారీ జీవితం కూడా ఆసక్తికరమే. చాకలి ఖర్చు తగ్గించుకోవాలని బట్టలు ఉతకడం, ఇస్త్రీ మీద పుస్తకం కొని చదివారు. తొలిసారి సొంతంగా ఉతికిన కాలర్‌కి గంజి మరీ ఎక్కువైంది. కోర్టులో అది పొడిపొడిగా రాలుతుంటే తోటి బారిస్టర్లు పకపకా నవ్వారు. ప్రిటోరియాలో ఒక తెల్ల క్షురకుడు జుట్టు కత్తిరించనంటే కత్తెర మెషిన్ కొని అద్దం ముందు తానే కత్తిరించుకున్నారు. ముందు భాగం పర్లేదు, వెనక పాడైంది. ఎలుకలు కొరికాయా అని కోర్టులో ఆటపట్టించారు. ఆయనా నవ్వేశారు. మామీబాయి కేసులో సిగ్గుతో పారిపోయిన మనిషి ఇప్పుడు నవ్వులపాలైనా అదే కోర్టులో నిలబడగలిగారు. ధైర్యం ఒక్క రోజులో రాలేదని చెప్పడానికి ఇది చాలు.

క్లయింట్‌కి ముందే చెప్పే మాట

జొహానెస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెరిగాక గాంధీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్త క్లయింట్ రాగానే ముందే చెప్పేసేవారు. అబద్ధపు కేసు తీసుకోను, సాక్షులకి పాఠాలు నేర్పను. గెలిచినా ఓడినా ఫీజు అంతే, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. దాంతో తప్పుడు కేసులు ఆయన దగ్గరికి రావడమే మానేశాయి. కొందరు క్లయింట్లైతే మంచి కేసులు ఆయనకిచ్చి, అనుమానం ఉన్నవి వేరే లాయర్లకి ఇచ్చుకునేవాళ్లు.

అయినా ఒకసారి మోసపోయారు. మేజిస్ట్రేట్ ముందు కేసు నడుస్తుండగా సాక్ష్యంలో తన క్లయింట్ అబద్ధమాడాడని తేలిపోయింది. గాంధీ వాదించలేదు. కేసు కొట్టేయమని తానే మేజిస్ట్రేట్‌ని కోరారు. ఎదుటి లాయర్ నివ్వెరపోయాడు. క్లయింట్‌ని మందలిస్తే అతను కూడా తప్పు ఒప్పుకున్నాడు. దీంతో ప్రాక్టీసు దెబ్బ తినలేదు సరికదా, పని ఇంకా తేలికైంది. తోటి లాయర్లలో ఆయన మాటకి విలువ పెరిగింది.

ఇంకో కేసు మరీ కఠినమైంది. ఆయన పెద్ద క్లయింట్లలో ఒకరిది. చిక్కు లెక్కల వ్యవహారం మధ్యవర్తులకి వెళ్లింది. తీర్పు పూర్తిగా క్లయింట్‌కే అనుకూలం. కానీ లెక్కలో చిన్న పొరపాటు. ఖర్చు వైపు రావాల్సిన మొత్తం జమ వైపు పడింది. ఎదుటి పక్షం వేరే కారణాలతో తీర్పుని సవాలు చేసింది, ఈ తప్పు వాళ్ల కంట పడలేదు. గాంధీ జూనియర్ కౌన్సిల్. క్లయింట్‌కి నష్టం చేసే విషయం మనమెందుకు చెప్పాలి అన్నారు సీనియర్. చెప్పాల్సిందే అన్నారు గాంధీ. చెబితే మొత్తం తీర్పే రద్దు కావచ్చని సీనియర్ భయం. తప్పు ఒప్పుకునేట్టయితే తాను వాదించనని తేల్చేశారు. క్లయింట్ ఒక్క నిమిషం ఆలోచించి గాంధీ వైపే మొగ్గారు. దేవుడు న్యాయం వైపే ఉంటాడు, మీరే వాదించండని అప్పగించారు.

సుప్రీంకోర్టులో గాంధీ లేచి తప్పు సంగతి చెప్పగానే ఒక జడ్జి ఇది మోసపు ఎత్తుగడ కాదా అన్నట్టు మాట్లాడారు. గాంధీకి మనసు మండింది. అయినా తొణక్కుండా వివరించారు. జడ్జీలు వినడం మొదలుపెట్టారు. అది కేవలం చేతి పొరపాటు అని రుజువైంది. ఒక్క అంకె తప్పు కోసం ఎంతో కష్టపడి తేల్చిన తీర్పు మొత్తం కొట్టేయడం సబబు కాదనిపించింది. తప్పు సరిదిద్ది తీర్పుని ఖాయం చేశారు. క్లయింట్, సీనియర్ ఇద్దరూ సంతోషించారు.

తెలియని విషయం దాచకపోవడం ఆయన మరో అలవాటు. తనకి చేతకాని చోట వేరే లాయర్ దగ్గరికి వెళ్లమనేవారు. లేదా సీనియర్ కౌన్సిల్ సలహా తీసుకుందామని క్లయింట్ అనుమతి అడిగేవారు. దాంతో నమ్మకం తగ్గకపోగా పెరిగింది.

గోడకి వేలాడిన ఒప్పుకోలు

డర్బన్‌లో పార్సీ రుస్తుంజీ గాంధీకి క్లయింట్ మాత్రమే కాదు, ఆప్తుడు. అన్ని విషయాలూ చెప్పుకునేవాడు. ఒక్కటి మాత్రం దాచాడు. బొంబాయి, కలకత్తా నుంచి తెచ్చే సరుకులకి కస్టమ్స్ సుంకం ఎగ్గొడుతున్నాడు. చివరికి దొరికిపోయాడు. ఏడుస్తూ గాంధీ దగ్గరికొచ్చాడు. ఇంకో లాయర్‌ని కూడా అడిగితే జ్యూరీ ముందు విచారణ అంటే జైలు ఖాయమన్నాడు.

కేసు కోర్టుకి వెళ్లకముందే తప్పు ఒప్పుకుని, ఎగ్గొట్టిన దానికి జరిమానా కట్టడమే దారి అని గాంధీ చెప్పారు. అప్పటికీ జైలు తప్పకపోతే జైలుకి సిద్ధపడమన్నారు. కస్టమ్స్ అధికారిని, అటార్నీ జనరల్‌ని కలిసి లెక్కలన్నీ ముందు పెట్టారు. ఎగ్గొట్టానని రుస్తుంజీ ఒప్పుకున్న సొమ్ముకి రెట్టింపు కట్టేలా రాజీ కుదిరింది. రుస్తుంజీ ఆ కథంతా కాగితం మీద రాయించి, ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నాడు. తన వారసులకి, తోటి వ్యాపారులకి హెచ్చరికగా ఉంటుందని.

ఆఫీసు నడిపిన ఇద్దరు మహిళలు

జొహానెస్‌బర్గ్ ఆఫీసులో పని పెరిగింది. భారతీయ గుమాస్తాల్ని ఇంట్లో పెట్టుకుని సొంత పిల్లల్లా చూసుకునేవారు. కానీ టైపింగ్, ఇంగ్లిష్ దగ్గర ఇబ్బంది. తెల్లవాళ్లు భారతీయుడి దగ్గర పనిచేస్తారా అన్న అనుమానంతోనే టైపిస్ట్ కోసం ప్రయత్నించారు. స్కాట్లండ్ నుంచి కొత్తగా వచ్చిన మిస్ డిక్ వచ్చారు. భారతీయుడి కింద పనిచేయడానికి ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు. జీతం 17 పౌండ్ల 10 షిల్లింగులు. కొద్ది రోజుల్లోనే వేల పౌండ్ల నిధులు, ఖాతా పుస్తకాలు ఆమె చేతికిచ్చేశారు. పెళ్లి విషయంలో కూడా ఆమె గాంధీ సలహా తీసుకున్నారు. ఆమె పెళ్లిలో తండ్రి స్థానంలో నిలబడింది ఆయనే.

తర్వాత వచ్చారు సోంజా ష్లెసిన్. అప్పటికి 17 ఏళ్లు. నెలకి 6 పౌండ్లతో చేరి, 10కి మించి తీసుకోనని మొండికేశారు. సత్యాగ్రహ రోజుల్లో నాయకులంతా జైల్లో ఉంటే ఉత్తరాలు, లెక్కలు, పత్రిక పనులు ఆమే చూసుకున్నారు. ఆమెని లాయర్‌ని చేయాలని 1909లో గాంధీ ప్రయత్నిస్తే మహిళ అన్న కారణంతో ట్రాన్స్‌వాల్ కోర్టు ఒప్పుకోలేదు. హెన్రీ పోలాక్, ఎల్.డబ్ల్యూ. రిచ్ కూడా ఆ ఆఫీసులోనే జూనియర్లుగా లా నేర్చుకున్నారు. జూనియర్‌గా తనకి దొరకని ఛాంబర్‌ని గాంధీ వేరే వాళ్లకి ఇచ్చారన్నమాట.

సంపాదన మాత్రం మిగల్లేదు. ఇండియన్ ఒపీనియన్ పత్రిక నష్టాల్లో ఉంటే ఒక దశలో నెలకి 75 పౌండ్లు పంపేవారు.

లాయర్ సీటు నుంచి బోను దాకా

1908 జనవరి 10. జొహానెస్‌బర్గ్‌లో తాను ఎన్నోసార్లు వాదించిన కోర్టు. ఈసారి గాంధీ నిలబడింది ముద్దాయి బోనులో. రిజిస్ట్రేషన్ చట్టం ధిక్కరించినందుకు రెండు నెలల సాధారణ జైలు. కాస్త ఇబ్బందిగా అనిపించినా, ముద్దాయిగా నిలబడటమే గౌరవమని ఆయనకి తోచింది. ఆ తర్వాత సత్యాగ్రహం పెరిగే కొద్దీ ప్రాక్టీసు వదిలేశారు.

కానీ లాయర్ అలవాట్లు పోలేదు. 1917లో బిహార్ చంపారన్‌లో నీలిమందు రైతుల కష్టాలు తెలుసుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన ముందు ఉపన్యాసం ఇవ్వలేదు, వాంగ్మూలాలు రాయించారు. బ్రజ్‌కిశోర్ ప్రసాద్, రాజేంద్ర ప్రసాద్ లాంటి పేరున్న వకీళ్లని గుమాస్తాల్లా కూర్చోబెట్టారు. ప్రతి రైతునీ అడ్డ ప్రశ్నలేసి, నిలబడని మాట పక్కన పెట్టి, నిలబడినదే రాయమన్నారు. సీఐడీ అధికారి పక్కన కూర్చున్నా పర్లేదన్నారు. మామీబాయి కేసులో ఒక్క ప్రశ్న అడగలేకపోయిన మనిషి ఇప్పుడు వేలాది మంది సాక్ష్యాల్ని జల్లెడ పట్టించారు. ప్రతి బిఘాలో 20కి 3 కఠాలు నీలిమందు వేయాలన్న తీన్‌కఠియా పద్ధతి 1918 చట్టంతో పోయింది.

అక్కడ ఇంకో మార్పు కూడా జరిగింది. ఆ వకీళ్లు ఎవరి వంటవాణ్ణి వాళ్లు తెచ్చుకుని, విడివిడిగా తినేవాళ్లు. గాంధీ చెప్పాక నౌకర్లని పంపేసి ఒకే వంటింట్లో తిన్నారు. పని తొందరగా జరిగింది.

కొన్నేళ్లకే సహాయ నిరాకరణ పిలుపుతో దేశమంతా లాయర్లు కోర్టులు వదిలారు. మద్రాస్ హైకోర్టులో బాగా సంపాదిస్తున్న టంగుటూరి ప్రకాశం పంతులు కూడా నల్లకోటు తీసేసిన వాళ్లలో ఒకరు.

66 ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన పేరు

1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో రాజద్రోహం కేసులో గాంధీకి ఆరేళ్ల జైలు శిక్ష పడింది. నేరం ఒప్పుకున్నారు, వాదించుకోలేదు. శిక్ష పడిన వ్యక్తి కాబట్టి అదే ఏడాది నవంబర్ 10న లండన్ ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు జాబితా నుంచి కొట్టేసింది. ఆయన చనిపోయిన 40 ఏళ్లకి, 1988లో, ఆ పేరు మళ్లీ చేర్చింది.

బతికున్నప్పుడు ఆ పట్టా పోయినందుకు గాంధీకి పెద్దగా నష్టమేమీ లేదు. ఆయన్ని లాయర్‌ని చేసింది ఆ పట్టా కాదు కదా. తెలియని పీ-నోట్ గురించి గుమాస్తాని అడగడం, కాగితాలన్నీ తానే చదవడం, కోర్టుకి ముందే క్లయింట్‌కి నిజం చెప్పడం, గెలిచినప్పుడు కూడా ఎదుటివాడి పరువు చూడటం. ఇవన్నీ ఏ జూనియర్ అయినా రేపు పొద్దున్నే మొదలుపెట్టగలిగిన పనులే.

తొలి వాదనలో నోరు పెగలకపోతే జీవితం అయిపోయినట్టు కాదు. 30 రూపాయలు వెనక్కిచ్చిన ఆ బారిస్టర్ కథే అందుకు సాక్ష్యం.